పాత భవనాల తాళాలు తీయించండి

జనం శివార్లకు తరలిపోవడంతో ఖాళీ అవుతున్న నగరాల నడిబొడ్డును బతికించాలంటే అక్కడ మళ్లీ కాపురాలు మొదలవ్వాలి. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1950లో దాదాపు 18.5 లక్షల మంది ఉండేవారు, 2020 నాటికి 6.4 లక్షల మంది కూడా మిగల్లేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వర్ణవివక్ష మనుషుల్ని విడదీసింది, కొత్త రహదారులు శివార్లకు దారి చూపాయి. స్తోమత ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. పన్ను రాబడి పడిపోయినా నీటి పైపులు, వీధిదీపాల ఖర్చు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. పాత వ్యాపార వీధుల్లో నేను చూస్తున్నది ఇదీ: కింద దుకాణం నడుస్తున్నా పై అంతస్తులకు ఏళ్ల తరబడి తాళాలే, పొద్దుగూకితే మనిషి అలికిడి ఉండదు. స్టేడియం కట్టినంత మాత్రాన ఇలాంటి వీధికి ప్రాణం రాదు. లాస్ ఏంజెలెస్ 1999లో పాత ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చుకునేందుకు నిబంధనలు సడలించింది, డౌన్‌టౌన్‌లో, అంటే నగరం నడిబొడ్డున, వేలాది ఇళ్లు వచ్చాయి. నగరపాలక సంస్థలు ముందు ఖాళీ భవనాల లెక్క తీయాలి. బాగుచేసి అద్దెకిచ్చేవారికి కొన్నేళ్లు ఆస్తిపన్ను తగ్గించి, ధర పెరిగేదాకా తాళం వేసి కూర్చునేవారికి పెంచాలి. ఇన్నాళ్లూ ఆ వీధుల్ని వదలకుండా ఉన్న పేద అద్దెదారులను మాత్రం ఖాళీ చేయించకూడదు, బాగుచేసిన ఇళ్లలో వాళ్లకే మొదటి హక్కు ఇవ్వాలి.