టాక్సు కట్టనివాడు ఎవడబ్బా?

కర్నూలు

రేయ్ శీనా,

"మాకు ఇన్‌కం టాక్సే పడదు, ఇంక మేం కట్టేదేముంది" అని రాసినావు చూడు, దానికే ఈ జవాబు. పొద్దున పళ్లు తోముకునే పేస్టు కాడి నుంచి కడుతూనే ఉన్నావబ్బా, కనపడదంతే.

ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ఎంతో తేల్చాలంటే ధరను పన్ను రేటుతో గుణించి, నూటికి ఆ రేటు కలిపితే వచ్చినదాంతో భాగించు. 299 రీఛార్జి మీద జీఎస్టీ 18 శాతం. 299ని 18తో గుణించి 118తో భాగిస్తే 45 రూపాయల 61 పైసలు. చాలామంది నేరుగా 299లో 18 శాతం తీసి 53.82 అంటారు. పన్ను అప్పటికే లోపలుంది కాబట్టి ఆ లెక్క తప్పు. సబ్బు, పేస్టు, తలనూనె 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతంలోకి వచ్చినాయి. వాటికి 105తో భాగించాల.

సోనామసూరి మూట 26 కిలోలు ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగినావా? ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకైతే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ. ఆ 25కి ఒక్క కిలో ఎక్కువైతే పన్ను లేదు. కిలో 56 లెక్కన 25 కిలోల మూట 1400, పైన పన్ను 70. అందుకే మూట ధర కాదు, కిలో ఎంత పడిందో చూడు.

హోటల్ బిల్లులో జీఎస్టీ వేస్తే నంబరు చూడు. అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉంటాయి, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు వస్తుంది. అక్కడ 'కాంపోజిషన్' (చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో తమ జేబులోంచి కట్టే పద్ధతి) అని ఉంటే నీ దగ్గర పన్ను వసూలు చేసే హక్కే వాళ్లకు లేదు. గట్టిగా అడుగు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది డీజిల్. జీఎస్టీలో లేదు. కేంద్రం ఎక్సైజు వేస్తుంది, అది కలిసిన ధర మీద మన రాష్ట్రం 22.25 శాతం వ్యాట్ (అమ్మకం పన్ను), ఇంకా లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. పన్ను మీద పన్ను! ఉల్లిగడ్డకు జీఎస్టీ సున్నానే, కానీ కర్నూలు యార్డు నుంచి అనంతపురం చేర్చిన లారీ తాగిన డీజిల్ పన్నంతా బాడుగలో కలిసి నీ కిలోలోకి వస్తుంది. జీఎస్టీలో అయితే వ్యాపారి కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చు, డీజిల్ పన్నుకు ఆ దారి లారీవాళ్లకు లేదు, ఏ బిల్లులోనూ రాయరు.

బళ్లారి పక్క పనుంటే ట్యాంకు అక్కడే నింపుకో, కర్ణాటకలో వ్యాట్ తక్కువ. దానికోసమే పోతే మాత్రం మిగిలేది దారిలోనే కాలిపోతుంది.

పోయిన నెల బిల్లులుంటే పంపు, కూర్చుని లెక్క తేలుస్తా.

నీ
రమణ