ఆ ఏడు నిమిషాల స్టేషన్

ఒరేయ్ బావా,

ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నా, కోప్పడకు. అమ్మ కులాసా, చిన్నదానికి జ్వరం తగ్గింది, ఇల్లు మారాం. ఇక అసలు సంగతి.

సైకియాట్రీ పోస్టింగ్ చివర ఈసారి ఆస్కీ (OSCE) పెట్టాం, అదే, ఒక్కో స్టేషన్‌లో ఏడు నిమిషాలిచ్చి, ఏమేం అడిగారో చెక్‌లిస్టులో టిక్కులు పెట్టి మార్కులేసే పరీక్ష. ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి ఇప్పటికీ విడిగా యూనివర్సిటీ పరీక్ష లేదు, ప్రశ్నలు జనరల్ మెడిసిన్ పేపర్లోనే కలిసి వస్తాయి. పేషెంట్‌తో మాట్లాడటం వచ్చో లేదో చూసేది మేమే. అందుకని నాటకాలాడే ఒకావిడని పేషెంట్‌గా కూర్చోబెట్టాం. ఒళ్లు నొప్పులు, గ్యాస్, నిద్ర లేదు అంటుంది. లోపల పత్తి అప్పులు, చావు ఆలోచన. నమ్మకం కుదిరితేనే బయటపెట్టమన్నాం.

క్లాస్ ఫస్ట్ కుర్రాడొచ్చాడు. ఆకలి, నిద్ర, బరువు, అదే ఊపులో "సూసైడ్ ఆలోచనలున్నాయా?" అన్నాడు. ఆవిడ "లేవు బాబూ" అంది. అన్నీ అడిగాడు కాబట్టి ఇరవైకి 18.

తర్వాత ఒకమ్మాయి. క్లాసులో నోరు తెరవదు. స్టూలు దగ్గరికి లాక్కుని "రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే ఏం ఆలోచిస్తుంటావు పెద్దమ్మా?" అని అడిగి, ఊరుకుంది. ఎంతసేపు ఊరుకుందిరా! తర్వాత నెమ్మదిగా "చచ్చిపోతే బాగుండనిపిస్తోందా?" అంది. ఆవిడ పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉందని చెప్పేసింది. ఆ డబ్బా ఇంట్లోంచి తీయించే మాట, ఇంట్లో ఎవరికి చెప్పాలనే మాట మాట్లాడుతుండగానే బెల్లు. ఆకలి, బరువు అడగనేలేదు. 11.

నాకు కడుపు రగిలిపోయింది. మా సీనియర్ మాత్రం చెక్‌లిస్టే ప్రమాణం అంటారు. ఆయన మాటా తీసెయ్యలేను, పరీక్షకుడి ఇష్టాయిష్టాలు తగ్గించడానికేగా 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్ అనే డాక్టర్ ఈ ఆస్కీని మొదలుపెట్టింది. మన తాళంచెవి మాస్టారి వైవా గుర్తుందిగా, నీకు వేరే చెప్పాలా. కానీ టొరంటోలో 1999లో హాడ్జెస్ అనే డాక్టర్ బృందం చూసిందీ ఇదే: అనుభవజ్ఞులైన డాక్టర్లకి చెక్‌లిస్టులో మార్కులు తగ్గాయి, మొత్తం తీరు చూసి వేసే రేటింగ్‌లో పెరిగాయి. మరి అదీ ఒక కొలతే కదా? పేషెంట్‌గా కూర్చున్నావిడని అడిగితే, ఆ అమ్మాయి దగ్గరికైతే మళ్లీ వస్తానంది. ఆ మాటకి మార్కు ఎక్కడ వెయ్యాలిరా? నా పోరు వల్ల వచ్చే బ్యాచ్‌కి చెక్‌లిస్టూ, ఆ రేటింగూ రెండూ కలుపుదామన్నారు, రేటింగ్‌కి ఎంత వాటా అన్నది తేలలేదు. నేను సగం అంటున్నా, ఆయన పావు.

ఆ పిల్ల మార్కులు చూసి తల దించుకుని వెళ్లిపోయింది, పిలిచి మాట్లాడాలి, ఇవాళే... అక్కడ ఇంగ్లాండ్‌లో మీవాళ్లు వాడే రేటింగ్ షీటు దొరికితే ఫొటో తీసి పంపు, సోమవారం మీటింగ్‌లో కావాలి. ఓపీ నుంచి రెండోసారి పిలుస్తున్నారు, ఉంటా

నీ
చిన్నా