ఆ ఒక్క వరుస కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సోమవారం విద్యార్థుల పేజీలో వచ్చిన బీజీయ భిన్నాల సాధనల గురించి ఈ ఉత్తరం. (అచ్చుకు వీలుగా ఉంటుందని, తెలియని రాశిని ‘క’ అని రాస్తున్నాను.) మొదటి లెక్క (3క − 2)/4 − (క − 5)/6. మీరిచ్చిన సాధనలో దాని వెంటనే (9క − 6 − 2క + 10)/12, ఆ వెంటనే జవాబు (7క + 4)/12 ఉన్నాయి. జవాబు సరైనదే. కానీ మా ఇంటికి సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ ‘+ 10’ని కలంతో కొట్టేసి ‘− 10’ అని దిద్ది తెచ్చింది. అచ్చుతప్పు అనుకుందట. ఆ పేజీలో అచ్చుతప్పులు కొత్త కాదు కాబట్టి పిల్లను ఏమీ అనలేకపోయాను.

మీరు వదిలేసిన వరుస ఇది: [3(3క − 2) − 2(క − 5)]/12. గుర్తు మారేది ఇక్కడే. భిన్నంలోని అడ్డగీత భాగహారాన్ని చూపడమే కాదు, పైనున్న పదాలన్నిటినీ ఒక్కటిగా కట్టి ఉంచుతుంది. హారాలన్నీ ఒకటి చేసి, లవాలను ఒకే గీత మీదకు తెచ్చినప్పుడు ఆ కట్టు ఊడిపోతుంది. అప్పుడు బ్రాకెట్టు రావాలి. రాకపోతే ముందున్న ఋణ గుర్తు ‘క’ దగ్గరే ఆగిపోతుంది, − 5 దాకా వెళ్లదు. మన పాత గణితంలో లవం పైన, హారం కింద రాసేవారు కానీ మధ్యలో గీత ఉండేది కాదు. అది అరబ్బు గణితజ్ఞుల నుంచి వచ్చింది. వచ్చిన గీత చేసే రెండో పని గురించి తరగతిలో ఎవరూ ఒక్క మాట చెప్పరు.

ఇది ఎనిమిదో తరగతితో పోయే బాధ అయితే ఇంత రాసేదాన్ని కాదు. పదో తరగతి వర్గ సమీకరణాల్లో 1/(క + 4) − 1/(క − 7) = 11/30 అనే లెక్క టీచర్లందరికీ తెలిసిందే. లవం (క − 7) − (క + 4), అంటే −11. రెండు వైపులా 11 కొట్టేస్తే క² − 3క + 2 = 0, మూలాలు 1, 2. బ్రాకెట్టు మరిచినవాడికి లవం −3 వస్తుంది, సమీకరణం 11క² − 33క − 218 = 0 అవుతుంది. దాని విచక్షణి (మూలాల సూత్రంలో వర్గమూలం గుర్తు కింద వచ్చే సంఖ్య) 10681, దానికి పూర్ణ వర్గమూలం లేదు. పిల్లవాడు వర్గ సమీకరణమే తనకు రాదనుకుని పక్కన పెట్టేస్తాడు. వాడికి రానిది వర్గ సమీకరణం కాదు.

సున్నా పెట్టి చూసుకోవడం నేర్పినా చాలావరకు దొరికిపోతుంది. పై మొదటి లెక్కలో క = 0 అయితే −2/4 + 5/6, అంటే 1/3. మీ జవాబులోనూ 4/12, అదే 1/3. మా అమ్మాయి దిద్దిన దానిలో −16/12 వచ్చింది. తన కలంతోనే మళ్లీ + చేసింది. హారాన్ని సున్నా చేసే విలువ మాత్రం పెట్టకూడదు, అది వేరే చెప్పాలి.

ఇక అదే పేజీలోని నమూనా పరీక్ష. 3/(క − 2) + 5/(2 − క) విలువ ఎంత అన్నారు. మొదటి జవాబుగా −2/(క − 2), మూడో జవాబుగా 2/(2 − క) ఇచ్చారు. సమాధానాల పట్టికలో మొదటిదే సరైనదన్నారు. 2 − క అంటే −(క − 2) కదా! ఆ రెండు జవాబులూ ఒకటే. హారాలు రెండూ వేరని భ్రమపడి (క − 2)(2 − క)ను క.సా.గు.గా తీసుకున్నవాడు కూడా ఓపికగా చేస్తే లవంలో 2(క − 2) వచ్చి, కొట్టివేతల తర్వాత మూడో జవాబుకే చేరతాడు. అంటే ఎక్కువ కష్టపడినవాడికే సున్నా మార్కులు.

ఫోను చేసి అడిగితే స్థలం చాలక వరుసలు తగ్గిస్తామన్నారు. భిన్నాలను కూడడానికి కనిష్ఠ సామాన్య గుణిజం వాడమని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గణాలూ యతిప్రాసలూ చూసుకుంటూ కూడా ఆయన లెక్కకు చోటు చేశాడు. మీ పేజీలో సగం ఒక శిక్షణ సంస్థ ర్యాంకర్ల ఫొటోలే. వాటిలో ఒక్కటి చిన్నది చేసినా నేనడిగే వరుస పడుతుంది.

వచ్చే సోమవారం నమూనా పరీక్షలోని ఆ ప్రశ్నకు ఒకటి, మూడు రెండూ సరైనవేనని సవరణ వేయండి. తీసివేత ఉన్న ప్రతి భిన్నం లెక్కలోనూ బ్రాకెట్ల వరుసను ఉంచండి.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, తణుకు