చిన్న బడికీ ఇద్దరు టీచర్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి జిల్లాలో, రాయలచెరువుకు దిగువన మాదొక చిన్న పల్లె. మా మనవడు ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్నాడు. అయిదు తరగతులకూ కలిపి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పోయిన ఏడాది ఆగస్టులో వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని, అంటే టీచర్లు చాలని చోటికి తాత్కాలిక సర్దుబాటని, టీచరమ్మను వేరే బడికి పంపారు. సంక్రాంతి దాటాక గానీ ఆమె తిరిగి రాలేదు. ఈ ఏడాది మళ్లీ అదే మాట వినిపిస్తోంది. ‘19 మందికి ఇద్దరు దేనికి?’ అంటున్నారు. ఆ 19 మంది ఏం నేర్చుకుంటున్నారో కళ్లారా చూస్తున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బడి వెనకే చెరువు. తూము దగ్గర రాతి మీద టీచరమ్మ పెయింటుతో అడుగులు, అంగుళాల గుర్తులు వేయించింది. ప్రతి సోమవారం సారు వెంట పెద్దపిల్లలు ఇద్దరు వెళ్లి నీళ్లు ఏ గుర్తు దగ్గరున్నాయో చూసి నోటుబుక్కులో రాస్తారు. పోయిన వారానికీ ఈ వారానికీ తేడా ఎంతో రెండో తరగతి పిల్లలు తీసివేత చేస్తారు. అయిదో తరగతివాళ్లు గ్రాఫు గీస్తారు. ఏప్రిల్‌లో తూము మూసే ఉన్నా నీళ్లు తగ్గుతున్నాయి, ఎవరు తోడుకుంటున్నారని మావాడు ఇంటికొచ్చి నన్ను నిలదీశాడు. మర్నాడు టీచరమ్మ రెండు పళ్లేల్లో నీళ్లు కొలిచి పోసి ఒకటి ఎండలో, ఒకటి వరండాలో పెట్టించింది. సాయంత్రం మళ్లీ కొలిచేసరికి వాడికి సగం జవాబు దొరికింది. నీళ్లు భూమిలోకి ఇంకి మన బావుల్లోకీ వస్తాయని మిగతా సగం నేను చెప్పాను. ‘తాత చెప్పింది కూడా రాయి నాయనా’ అందట టీచరమ్మ.

సాంఘికం కూడా ఆ కట్ట మీదే నేర్చుకుంటున్నారు. కయ్యలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరుగంటి ఎవరు, పూడిక తీస్తే ఆ మట్టి ఎవరి పొలాలకు పోయేదని ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లను అడిగారు. రాయలచెరువు కృష్ణదేవరాయల కాలం నాటిదని పెద్దలు చెబుతారు. 2021 నవంబరు వానలకు ఆ కట్టకు గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. అప్పుడు ఏ ఇంటివాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో పిల్లలు అమ్మానాన్నలను అడిగి రాసుకున్నారు.

తెలుగు సంగతి చెప్పకుండా ఉండలేను. పుస్తకంలో వేరుశనగ, మా ఇంట్లో చెనిక్కాయలు. పుస్తకంలో పొలంగట్టు, మాకు గెనిమ. చెరువు నిండి పొర్లితే ‘మొరవ పోతోంది’ అంటాం. ఇవి మొరటు మాటలని నా చిన్నప్పుడు అయ్యవారు బెత్తం ఎత్తేవారు. ఇప్పుడు సారు రెండు మాటలనూ పక్కపక్కనే గోడమీద రాయించాడు. పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు కదా, అందుకని మూడో వరసలో ఇంగ్లిషు మాట కూడా చేర్చారు. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

కిలో చెనిక్కాయలు ఒలిచి పప్పు తూస్తే 680 గ్రాములు వచ్చింది. అయిదో తరగతివాళ్లకు శాతాల లెక్క ఆ రోజే పట్టుబడింది. ఇంగ్లిషులో గడగడా మాట్లాడటం మాత్రం మా పిల్లలకు ఇంకా రాదు. పట్నం పిల్లల ముందు బెరుగ్గా నిలబడతారు. అది నాకూ బాధే.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని రాసి ఉంది. 19 మంది ఉన్నా తరగతులు అయిదే కదా! ఒకరు చెరువు దగ్గరికి వెళ్తే, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించడానికి ఇంకొకరు బడిలో ఉండాలి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి పైగాలుల తీరు తెలుసుకునే పెద్ద రాడార్ అక్కడుంది. పెద్దపిల్లలను తీసుకెళ్లి దాని గురించి చెప్పిద్దామని సారు అనుకున్నాడు. ఒక్కడే మిగిలాక చిన్నవాళ్లను ఎవరికి అప్పగించి వెళ్లగలడు? ఆ ప్రయాణం ఆగిపోయింది.

చెరువు నోటుబుక్కు మొన్న తిరగేశాను. ఆగస్టు మూడో సోమవారం నుంచి సంక్రాంతి దాకా గడులన్నీ ఖాళీ. మా చెరువులోకి నీళ్లు వచ్చేదే ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. చెరువు ఏ వారం నిండిందో, మొరవ ఏ రోజు పోయిందో రాసినవాళ్లు లేరు. ఈసారి వానలకు ఆ ఇద్దరు టీచర్లనూ బడిలోనే ఉంచమని విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

— ఒక రైతు, తిరుపతి జిల్లా