చెరువు కట్ట మీద నాటే ముందు వేరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఈ వానలకు మా ఊరి చెరువు కట్ట మీద మొక్కలు నాటారు. తూముకు ఆ పక్క రెండు, ఈ పక్క రెండు రావి మొక్కలు. కట్ట పొడవునా మర్రి, తురాయి. ఫొటోలు దిగారు, కంచె కట్టారు, వెళ్లిపోయారు. నీడను కాదనేదెవరు? 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచీ మనం ఆకు చూసి, పువ్వు చూసి, మహా అయితే పుణ్యం చూసి నాటుతున్నాం. మట్టికట్టకు మాత్రం చెట్టుతో ఉన్న సంబంధమల్లా వేరుతోనే.

రావి, మర్రి, మేడి, జువ్వి ఒకే కుటుంబం. పిట్ట రెట్టలో పడ్డ గింజ గోడ సందులో మొలిచి, వెంట్రుకంత వేరును లోపలికి పంపుతుంది. అది ఏటేటా లావెక్కి రాయిని రాయి నుంచి విడదీస్తుంది. పాత గుడి గోపురాల మీద చూస్తూనే ఉన్నాం. అలాంటి దాన్ని తూము రాతికట్టు పక్కన మనమే గుంత తీసి నాటడమేమిటి?

తాటిది ఇంకో దారి. మొలకప్పటి మొదటి వేరు నిలవదు. మాను అడుగు నుంచి వందలాది వేర్లు పుట్టుకొస్తాయి. ఏళ్లు గడిచినా రావి వేర్లలా లావెక్కవు. ఈత, కొబ్బరి కూడా అంతే. గడ్డి కుటుంబం కట్టకు ఇంకా మేలు. గరిక కణుపు కణుపుకూ వేరు వేసి పైమట్టిని పట్టుకుంటుంది. వట్టివేరు పక్కలకు పాకదు, నిలువునా రెండు మూడు మీటర్లు దిగుతుంది. ఎండాకాలం నీళ్ల కుండలో వేసుకుంటామే, ఆ వేరే.

చిక్కుడు కుటుంబంలో మాత్రం ఒక లెక్క కుదరదు. మన వేరుశనగ, కానుగ, సర్కారు తుమ్మ, శేషాచలం ఎర్రచందనం అన్నీ దాయాదులే. వేరుశనగను చేత్తో పీకేస్తాం. సర్కారు తుమ్మ జాతి వేరు అమెరికాలో ఒక గనిలో 50 మీటర్లకు పైగా లోతున కనిపించింది. (అన్నట్టు, వేరుశనగకు దిగే ఊడ అసలు వేరు కానే కాదు, పూత నుంచి కిందికి దిగే కాడ. మర్రి ఊడ నిజంగా వేరు. మన రైతులకు రెండూ ఊడలే.)

అసలు భయం చచ్చిన వేరుతో. ఉపాధి పనుల్లో కట్ట మీద కంప కొట్టిస్తారు. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల మొద్దూ, చెయ్యంత లావు వేర్లూ అలాగే ఉంటాయి. కొన్నేళ్లకు చెదలు తిని, కుళ్లి, వేరున్న చోట గొట్టం లాంటి బొక్క మిగులుతుంది. చెరువు నిండి మరవ (అలుగు) పోయేనాడు నీళ్లు ఆ దారి పట్టి, మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోతాయి. బుంగ పడేది అలాగే. గడ్డి వేరు చచ్చినా మిగిలే సందు సూది మొనంత. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట కారుతుంటే కింది పల్లెల వాళ్లను ఖాళీ చేయించిన రోజులు తిరుపతి చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. అక్కడ కారణం వేర్లని నేననడం లేదు. మట్టికట్ట మీద ఎంత బతుకు ఆధారపడి ఉందో గుర్తుచేస్తున్నాను, అంతే.

కాబట్టి చెరువులు చూసే అధికారులకూ, మొక్కలిచ్చే నర్సరీల వాళ్లకూ నా మనవి. కట్ట వాలుకు గరిక, వట్టివేరు వేయించండి. చింత, వేప, కానుగ కట్ట దిగువన ఎడంగా, ఆయకట్టు దారుల వెంట నాటించండి. తుమ్మ మొలకను వేలంత లావున్నప్పుడే వేరుతో పీకించండి. ముదిరిన మానును కొట్టక తప్పకపోతే మొద్దు, పెద్ద వేర్లు తవ్వి తీసి, ఆ గుంతలో మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టించాలి. దానికి కూలి ఎక్కువవుతుంది. ఆ కూలిని అంచనాలోనే రాయండి.

మా తూము దగ్గరి నాలుగు రావి మొక్కలు ఇంకా మోకాలెత్తే ఉన్నాయి. ఇప్పుడైతే ఇద్దరు మనుషులు, ఒక పూట పని. తీసి రచ్చబండ దగ్గర నాటుకుంటామని ఊళ్లో అడుగుతున్నారు. అనుమతి కోసం చూస్తున్నాం.

— ఒక ఆయకట్టు రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా