వర్ణపట గీత వెలుగును బట్టి మూలకం వాటా చెప్పలేం

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలోని విజ్ఞాన పుటలో గ్రహ నీహారికల (చివరి దశలో నక్షత్రం వెలుపలికి విడిచిన వాయు మేఘాల) గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తెలుగు దినపత్రికలో ఇటువంటి విషయానికి అర పేజీ కేటాయించినందుకు కృతజ్ఞతలు. అయితే, నీహారిక కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటం గురించి అందులో "వర్ణపటంలో ఆకుపచ్చ గీత అన్నిటికన్నా ప్రకాశవంతంగా ఉన్నందువల్ల ఆ నీహారికలో ఆక్సిజనే అత్యధికమని తేలింది" అన్న వాక్యం పూర్తిగా తప్పు. నీహారికలో అత్యధికంగా ఉండేది హైడ్రోజన్. ఆక్సిజన్ సుమారు రెండు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటుంది. అయినా చాలా గ్రహ నీహారికల్లో ఆక్సిజన్ ఆకుపచ్చ గీత, హైడ్రోజన్ నీలి గీత కంటే దాదాపు పదిరెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

ఇది వింతేమీ కాదు. గ్యాస్ పొయ్యి మీద చారు పొంగి బర్నరు మీద పడగానే నీలి మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరగడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. అంతమాత్రాన మంటంతా సోడియమేనని ఎవరూ అనరు.

1864 ఆగస్టు 29 రాత్రి ఖగోళ శాస్త్రవేత్త విలియం హగిన్స్ లండన్‌లో తన దూరదర్శినికి వర్ణపటదర్శిని బిగించి, ఇప్పుడు మనం ఎన్‌జీసీ 6543 అని పిలిచే నీహారికను చూసినప్పుడు, నక్షత్రాల్లో కనిపించే ఇంద్రధనుస్సు పట్టీకి బదులు కొన్ని ప్రకాశవంతమైన గీతలే కనిపించాయి. అది నక్షత్రాల గుంపు కాదు, వాయువేనని అప్పుడు తేలింది. వాటిలో 500.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఉన్న ఆకుపచ్చ గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో "నెబ్యూలియం" అనే కొత్త మూలకాన్ని ఊహించుకుని శాస్త్రవేత్తలు అరవై ఏళ్లకు పైగా గడిపారు. 1927లో అమెరికా శాస్త్రవేత్త ఐరా బోవెన్ అది రెండు ఎలక్ట్రానులు కోల్పోయిన ఆక్సిజన్ గీతేనని నిరూపించాడు. ఉత్తేజితమైన ఆ అయాను (ఎలక్ట్రానులు కోల్పోయిన పరమాణువు) కాంతిని విడుదల చేయడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. ప్రయోగశాలలోని వాయువులో అంతలోపే మరేదో కణం దాన్ని ఢీకొని శక్తిని లాగేసుకుంటుంది. ఘన సెంటీమీటరుకు కొన్ని వేల ఎలక్ట్రానులు మాత్రమే ఉండే నీహారికలో ఆ అయానుకు కావలసినంత తీరిక దొరుకుతుంది.

ఆ గీత వెలుగుకు కారణమూ ఇక్కడే ఉంది. పదివేల డిగ్రీల వాయువులో తిరిగే ఎలక్ట్రానుల సగటు శక్తి ఒకటిన్నర ఎలక్ట్రాన్ వోల్టులకు లోపే. ఆక్సిజన్ అయానును ఉత్తేజపరచడానికి రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టులు చాలు కాబట్టి కొంచెం వేగంగా పోయే ఎలక్ట్రాను ఢీకొన్నా అది వెలుగుతుంది. హైడ్రోజన్‌కు పది ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావాలి. అందువల్ల అది ఢీకొనడం వల్ల దాదాపుగా వెలగదు, విడిపోయిన ఎలక్ట్రాను మళ్లీ వచ్చి చేరినప్పుడే వెలుగుతుంది. కనుక గీత ప్రకాశాన్ని మూలకం వాటాగా మార్చాలంటే ముందు వాయువు ఉష్ణోగ్రత తెలియాలి. అందుకు 436.3 నానోమీటర్ల వద్ద, ఆకుపచ్చ గీతలో సుమారు రెండు వందలో వంతు ప్రకాశంతో ఉండే మరో ఆక్సిజన్ గీతను కొలిచి, ఆ రెంటి నిష్పత్తి నుంచి ఉష్ణోగ్రతను రాబడతారు. ఈ బలహీనమైన గీతను కొలవడంలో పొరబడి పదివేల డిగ్రీలను పదకొండు వేలుగా లెక్కిస్తే, ఆక్సిజన్ దాదాపు నాలుగో వంతు తక్కువగా తేలుతుంది.

మీ వ్యాసం ప్రస్తావించని చిక్కు మరొకటి ఉంది. ఆక్సిజన్ కూడా హైడ్రోజన్ లాగానే ఎలక్ట్రానును తిరిగి చేర్చుకునేటప్పుడు వెలువరించే గీతలు కొన్ని, అతి మసకగా, 465 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. వాటి నుంచి కట్టే లెక్క ఉష్ణోగ్రత మీద అంతగా ఆధారపడదు కాబట్టి రెండు పద్ధతులూ ఒకే సంఖ్యకు రావాలి. రావడం లేదు. రెండో పద్ధతి చాలా నీహారికల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ ఆక్సిజన్‌ను చూపిస్తుంది. వృశ్చిక రాశిలోని ఎన్‌జీసీ 6153లో ఆ తేడా దాదాపు పదిరెట్లు. నీహారికలో ఉష్ణోగ్రత ఒక్కో చోట ఒక్కోలా ఉండటమే కారణమని కొందరు, వేడి వాయువు మధ్య లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలు) నిండిన చల్లని ముద్దలు దాగి ఉండటమని మరికొందరు వాదిస్తున్నారు. ఈ స్థితిలో ఒక్క గీతను చూపి "తేలింది" అనడం పాఠకులకు మేలు చేయదు.

హీలియం విషయంలో మాత్రం ఇంత గందరగోళం లేదు. దాని 587.6 నానోమీటర్ల పసుపు గీత ప్రధానంగా పునఃసంయోగం (విడిపోయిన ఎలక్ట్రాను తిరిగి చేరడం) వల్ల పుట్టేది కాబట్టి, పది హైడ్రోజన్ పరమాణువులకు సుమారు ఒక హీలియం అన్న లెక్కను ఎక్కువ ధీమాతో చెప్పవచ్చు. (1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మా గుంటూరు నుంచి పరిశీలించిన మాట నిజమే గాని, హీలియం ఇక్కడే దొరికిందని సభల్లో చెప్పేది కొంచెం అతిశయోక్తి. సూర్యుడిలో కనిపించిన ఆ పసుపు గీత సోడియానిది కాదని అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో గుర్తించినవాడు ఆంగ్ల ఖగోళ శాస్త్రవేత్త లాకయర్.)

వ్యాసం చివర "ఈ ఆక్సిజన్ అంతా ఆ నక్షత్రమే తయారుచేసింది" అన్న మాటనూ సవరించాలి. సాధారణంగా గ్రహ నీహారికల్లోని ఆక్సిజన్‌లో అధిక భాగం ఆ నక్షత్రం పుట్టిన మేఘం నుంచి వచ్చినదే. నక్షత్రం తన చివరి దశలో కొత్తగా చేర్చేది ముఖ్యంగా హీలియం, కార్బన్, నైట్రోజన్, వాటితో పాటు క్రిప్టాన్, సెలీనియం వంటి బరువైన మూలకాల జాడలు.

సవరణ వేసే పక్షంలో పైన నేను మొదట ఉటంకించిన వాక్యాన్ని ఇలా మార్చమని మనవి: "వర్ణపటంలో ఆక్సిజన్ గీత అన్నిటికన్నా ప్రకాశవంతంగా ఉన్నా, నీహారికలో అధిక భాగం హైడ్రోజనే, ఆక్సిజన్ వాటా ఎంతన్నది ఏ గీతలను, ఏ ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది."

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు