కలెక్టర్ గారూ, మా బిడ్డ సంగతి చెప్పుకోవడానికి ఒక గది ఇవ్వండి

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

రెండు నెలల కిందట ఒక సోమవారం మీ ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ రాసుకుని వచ్చాను. క్యూలో నా వెనక మా వీధి ఆవిడే నిలబడి ఉంది. "ఏం పని మీద వచ్చినావు వదినా?" అని అడిగింది. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని చెప్పి, అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాను. అందులో రాసింది వేరే. నా కొడుక్కి ఇరవై రెండేళ్లు. మూడేళ్లుగా గంజాయికి బానిసయ్యాడు.

ఈ మాట నోటితో అనడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. పెళ్లిళ్లలో "మీవాడు ఏం చేస్తా ఉండాడు?" అని అడిగితే బెంగళూరులో ఉద్యోగం అనేవాళ్లం. తర్వాత ఆ కంపెనీ పేరు, జీతం, రూము అద్దె కూడా కల్పించి చెప్పాల్సి వచ్చేది. వాడేమో ఇంట్లోనే తలుపేసుకుని పడుకుని ఉండేవాడు. చుట్టాలు వస్తున్నారంటే చాలు, టెన్షన్.

మొదట చెప్పింది మా అక్కకి. సంక్రాంతికి ముందు ఇద్దరం కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాం. గిన్నెలోకి చూస్తూనే చెప్పేశాను. అక్క చేతులు ఆగిపోయాయి. వేళ్లకు పొట్టు అలాగే అంటుకుని ఉంది. "డాక్టరుకు చూపించినారా?" అని మాత్రం అడిగింది. ఎవరు నేర్పించారు, ఎంత డబ్బు పోయింది, ఇన్నాళ్లూ మీరేం చేస్తున్నారు అని అడగలేదు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

అందరూ మా అక్కలా ఉండరు కదా. పెళ్లి చేసేస్తే దారికొస్తాడని ఒకరన్నారు. ఆ వచ్చే పిల్ల కూడా ఒక తల్లి బిడ్డే అని వాళ్లకు ఎందుకు తోచదో! మీ గారాబమే చెడగొట్టింది అన్నారు ఇంకొకరు. అప్పటి నుంచి ఎవరికైనా చెప్పే ముందు వాళ్ల మొహం చూసి ఆగిపోతున్నాను.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ నష్టపరిచింది భయం. ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసులు వస్తారేమోనని ఎనిమిది నెలలు ఇంట్లోనే దాచుకున్నాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా జబ్బుగానే చూస్తుందని, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తుందని మాకు తెలియదు. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం, అదే ఎన్డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉందనీ తెలియదు. వాడకం కేసులోనో, తక్కువ మోతాదు కేసులోనో ఉన్న మత్తుకు బానిసైన మనిషి తనంతట తానే ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్సకు ముందుకొచ్చి తీసుకుంటే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదట. ఒక లాయరు గారు చెప్తే తెలిసింది. గోడల మీద పుర్రె బొమ్మల పోస్టర్లు చూసి వణికాను గానీ, ఈ రెండు ముక్కలు ఏ పోస్టర్‌లోనూ నా కంటపడలేదు.

గంజాయి అమ్మేవాళ్ల గురించి చెప్పడానికి రాష్ట్ర పోలీసుల మత్తు పదార్థాల నిరోధక విభాగం ఈగల్ వాళ్ల 1972 నంబరు ఉంది, మంచిదే. నాలాంటి తల్లికి కావాల్సింది మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే టెలీ మానస్ 14416. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం ర్యాలీల్లో పిల్లల చేతికిచ్చే ప్లకార్డుల మీద ఈ నంబర్లు కూడా పెద్ద అక్షరాలతో రాయించండి.

నా అసలు విన్నపం ఒక్కటే. పెద్దాసుపత్రిలో ఓపీ వరండాకు దూరంగా, వారానికి ఒక సాయంత్రం, మా వంటి అమ్మానాన్నల కోసం ఒక గది ఇప్పించండి. పేరు, వీధి అడగొద్దు. ఓపిగ్గా వినే కౌన్సెలర్ ఒకరుంటే చాలు. మా వాడు రెండుసార్లు మానేసి రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు. ఈ జబ్బులో అది మామూలేనని డాక్టరు చెప్పారు. రెండోసారి జరిగిన రాత్రి నాకు కావాల్సింది మందు కాదు, ఇంతకు ముందు ఆ రాత్రి చూసిన ఇంకొక తల్లి.

ఆ గది తెరిచిన రోజు మొదట నేనే వస్తాను. క్యూలో నా వెనక నిలబడిన ఆవిడకు కూడా చెప్తాను, ఆ రోజు నేను వచ్చింది రేషన్ కార్డు కోసం కాదని.

ఇట్లు,
ఒక తల్లి, తిరుపతి